ద్రాక్షతోటకు వెళ్తున్నారా? గ్లాసు లెక్క మరవకండి

శిర్డీ, త్ర్యంబకేశ్వరం వెళ్లేవారిలో కొందరు నాసిక్ వైనరీలనూ చూసి వస్తున్నారు. తోట, తయారీ చూపించాక నాలుగైదు రకాల వైన్ రుచి చూపిస్తారు. ‘ద్రాక్షరసమే కదా, గుండెకు మంచిదట’ అని ఎప్పుడూ ముట్టనివారూ గ్లాసు అందుకుంటారు.

నిజమేనా?

ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. వైన్‌లో అది సుమారు 12-14 శాతం. 30 మి.లీ. చొప్పున ఐదు రకాలు తాగితే దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి చేరుతుంది. 30 మి.లీ. విస్కీలో ఉండేది సుమారు 10 గ్రాములే! ఆల్కహాల్‌కు సురక్షిత మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. గుండె కోసమైతే ద్రాక్షపండ్లు తినండి, చాలు.

మధుమేహులూ, జాగ్రత్త

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారు దర్శనం కోసం ఖాళీ కడుపుతో ఉండి వైన్ తాగితే, కొన్ని గంటల తర్వాత కూడా షుగర్ పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, మగత చూసి పక్కవాళ్లు ‘మత్తు’ అనుకుంటారు. అక్కడే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే షుగర్ పరీక్షించండి. స్పృహ ఉంటే గ్లూకోజ్ ఇవ్వండి. లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించండి.

వీరు అసలే వద్దు

* గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు
* నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ వాడేవారు
* కారు నడిపేవారు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం.

వృత్తిగా రుచి చూసేవారు వైన్‌ను మింగరు, పుక్కిలించి ఉమ్మేస్తారు. మీరూ మొహమాటపడకండి. జనవరి నుంచి మార్చి దాకా కోతల కాలం. గ్లాసు ముట్టకుండానే తోట చూసి రావచ్చు.