ఇంటిలో ఒకరికి కోవిడ్ సోకినప్పుడు

మంగళగిరిలో నేతపనివారి ఇండ్లను చూచినవారికి ఒక సంగతి తెలియును. ముందుగదిలో గుంట మగ్గము, దాని ప్రక్క రాట్నము, నూలు చిలపలు. మిగిలిన చోటులోనే వంట, నిద్ర, పిల్లల చదువు. భర్త మగ్గము గుంటలో కూర్చుండి నిజాం అంచు చీర నేయుచుండగా భార్య కండెలు చుట్టుచుండును. ముసలి తల్లి ఆ దాపుననే మంచము మీద నుండును. ఇట్టి ఇంటిలో ఒకరికి కోవిడ్ సోకినప్పుడు, "రోగి వేరొక గదిలో నుండవలెను" అను నియమమును పాటించుట ఎట్లు?

వేరుగా నుండుట మన ఇండ్లకు క్రొత్త కాదు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. వానిని చూచి పొరుగువారు వాకిటనే ఆగిపోయెడివారు. అయితే మశూచికము ముఖమున కనిపించు వ్యాధి. కోవిడ్ అట్టిది కాదు. జ్వరము, దగ్గు పైకి తేలుటకు రెండు దినములు ముందుగనే అది ఇతరులకు అంటుట మొదలగును. కనుక పరీక్షలో వ్యాధి తేలు నాటికే ఇంటిల్లిపాది ఆ గాలి పీల్చియే యుందురు. నియమములన్నింటికిని మూలము ఈ ఒక్క విషయమే.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడినది. నాటినుండి రెండు మాటలు ఇంటింట వినిపించినవి: ఐసోలేషన్, క్వారంటైన్. పలువురు ఈ రెండింటిని ఒకటిగా భావించిరి. వ్యాధి ఉన్నవానిని వేరుపరచుట ఐసోలేషన్. వ్యాధి ఉన్నదో లేదో ఇంకను తెలియని ఇంటివారు బయటకు పోక కనిపెట్టుకొని యుండుట క్వారంటైన్. వ్యాధి బీజము దేహమున దాగియుండు కాలము ఎక్కువమందిలో ఒక వారము లోపే. కొందరిలో 14 దినముల వరకు సాగును. అందుచేతనే ఇంటివారికి మొదట 14 దినముల గడువు పెట్టిరి.

రోగి గడువు వేరు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ సవరించిన సూచనల ప్రకారము, లక్షణములు కనిపించిన నాటినుండి 10 దినములు గడవవలెను. చివరి మూడు దినములు జ్వరము ఉండరాదు. 2022 జనవరి 5న ఆ గడువును, పరీక్షలో వ్యాధి తేలిన నాటినుండి 7 దినములకు తగ్గించిరి. జ్వరము లేని మూడు దినముల షరతు మాత్రము మారలేదు. గడువు ముగిసిన పిమ్మట మరల పరీక్ష అక్కరలేదని చెప్పిరి. నిర్జీవమైన వైరస్ తునుకలు కొన్ని వారములు దేహమున మిగిలి, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో కనిపించుటయే దీనికి కారణము.

ఇక ఇంటిలోని ఏర్పాటు. గాలి వచ్చి పోవు గది రోగికి ఇయ్యవలెను. సేవకు ఒక్కరే యుండవలెను. ఆ ఒక్కరు వృద్ధులు, మధుమేహము వంటి దీర్ఘరోగములు గలవారు కాకుండుట మేలు. రోగియు, సేవ చేయువారును మాస్కు ధరించవలెను. ఆక్సిమీటరు 94 కంటె తక్కువ చూపినను, ఊపిరి నిమిషమునకు 24 సార్లు మించినను, ఛాతీలో నొప్పి ఆగకున్నను, మనిషి తెలివి తప్పి మాటాడినను ఇంటివైద్యము కట్టిపెట్టి ఆసుపత్రికి చేర్చవలెను.

గది లేనివారికై ఆనాడు ప్రభుత్వము కోవిడ్ కేర్ కేంద్రములు నడిపినది. అక్కడికి పోలేనివారు ఇంటిలోనే ఉపాయము చేసికొనవలసి వచ్చినది. రోగి మంచము కిటికీ దరికో, వసారాలోనికో మార్చవలెను. ముసలి తల్లిని వీలైనంత దూరమున పరుండబెట్టవలెను. ఆమెను పొరుగింటికి పంపుట మాత్రము తగదు. ఆమెయు అదే గాలి పీల్చినది గదా! ఈ వ్యాధి ప్రధానముగా గాలి ద్వారా వ్యాపించును. వస్తువుల ద్వారా సోకుట తక్కువ. కావున మగ్గము మీది చీరకు భయపడుటకంటె, మూసిన తలుపులకు భయపడుట యుక్తము. మగ్గము ఆగినచో కూలి ఆగును. ఈ నష్టము చిన్నది కాదు. కాని రోగి జ్వరముతో గుంటలో కూర్చుండి నేసినచో, ఆ గదిలోని గాలియే కండెలు చుట్టు ఇల్లాలికి, మంచము మీది తల్లికి అందును.

టీకాల విషయమున మరియొక సందేహము కలిగెడిది. గన్నవరమునకు మొదటి టీకాలు 2021 జనవరి 12న చేరినవి. 16న దేశమంతట వేయుట ఆరంభమైనది. "మా ఇంటిలో ఒకరికి వచ్చినది, తక్కినవారము వెంటనే పోయి టీకా వేయించుకొందుమా?" అని అడిగెడివారు. వలదనియే సమాధానము. మశూచికపు టీకాను, వ్యాధి సోకిన మూడు నాలుగు దినములలో వేసినను రక్షణ దొరకెడిది. కోవిడ్ టీకా బలము చేకూరుటకు సుమారు రెండు వారములు పట్టును. ఈలోగా టీకా కేంద్రపు వరుసలో నిలిచినవారు ఇతరులకు వ్యాధిని పంచవచ్చును. గడువు ముగిసిన పిమ్మట పోవుటయే న్యాయము.

రోగికి సంబంధించినంతవరకు, కోలుకొన్న మూడు నెలలకు టీకా వేయించుకొనవలెనని 2021 మే 19న కేంద్రము తెలిపినది. మొదటి మోతాదు తరువాత జబ్బుపడినవారికి రెండవ మోతాదు విషయమున గూడ ఇదే లెక్క. కోలుకొన్న దేహమున కొంతకాలము సహజరక్షణ నిలుచుటయే దీనికి ఆధారము. టీకా వ్యాధి తీవ్రతను, మరణభయమును తగ్గించును గాని, సోకుటను పూర్తిగా ఆపదు. అందుచే టీకా పొందినవాడును జబ్బుపడినచో వేరుగా నుండవలసినదే.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి మాత్రము లోకమును విడిచిపోలేదు. పైన చెప్పిన అంకెలు ఆనాటివి, ముందు మారవచ్చును. అప్పటి గడువేదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఎవరినీ అడుగనక్కరలేని పనులు మూడు గలవు: కిటికీ తెరచుట, మాస్కు ధరించుట, ఇంటిలోని పెద్దవారిని రోగికి ఎడముగా నుంచుట. ఒక్క గది ఇంటిలోనైనను ఇవి సాధ్యములే.