గురుపీఠము - రాజపీఠము

విజయవాడ నుండి ప్రకాశం బ్యారేజి దాటి, కృష్ణ దక్షిణపు గట్టు వెంట పడమరకు సాగిన మందడము, మల్కాపురము, వెలగపూడి అను గ్రామములు వచ్చును. వెలగపూడిలో 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయము నెలకొన్న సంగతి మా శ్రోతలకు తెలిసినదే. కాని రాజ్యాధికారమునకు ఈ నేలతో గల పొత్తు అంతకంటె చాల పూర్వపుది. మల్కాపురమందలి శిలాశాసనము అందుకు సాక్షి. ఒక మతాచార్యుని చేతికి లోకాధికారము ఎట్లు వచ్చునో, దానికి హద్దు లెట్లు ఏర్పడునో ఆ శాసనము తేటతెల్లముగా చెప్పుచున్నది.

ఆ ఆచార్యుడు విశ్వేశ్వర శంభువు. గౌడదేశమున రాఢా మండలము నుండి వచ్చినవాడు. గోళకీమఠమను శైవాచార్య పరంపరకు చెందినవాడు. ఈ మఠము గంగా నర్మదల నడుమగల డాహల మండలమున పుట్టినది. అచ్చటి కలచురి రాజు మఠమూలపురుషుడగు సద్భావ శంభువునకు మూడు లక్షల గ్రామములను సమర్పించెనని శాసనము పేర్కొనుచున్నది. సంఖ్యను అక్షరాల నమ్మినను, నమ్మకున్నను, ఆ మఠము రాజులతో ఏ స్థాయిలో మెలగినదో దీనివలన తెలియును.

కాకతి గణపతిదేవుడు ఈ విశ్వేశ్వర శంభువు వద్ద శివదీక్ష గైకొనెను. దీక్ష పొందిన రాజు గురువునకు పుత్రసమానుడు. ఐరోపాలో 1077లో హెన్రీ రాజు కనోసా కోట ముంగిట మంచులో నిలిచి పోపు క్షమాపణ వేడవలసి వచ్చినది. అక్కడ పీఠాధిపతి బలము వెలివేతలో ఉన్నది. మన గురువు బలము దీక్షలోను, దానితో వచ్చిన భూమిలోను ఉన్నది.

గణపతిదేవుడు తలపెట్టిన మందడ గ్రామదానమును ఆయన కుమార్తె రుద్రమదేవి 1261లో శాసనబద్ధము గావించెను. వెలగపూడిని, కృష్ణలోని లంక భూమిని గూడ చేర్చి యిచ్చెను. ఈ దానమున భక్తి మాత్రమే గలదా? ఈ డెల్టా పూర్వము వెలనాటి చోళుల ఏలుబడి. కాకతీయుల రాజధాని ఓరుగల్లు దూరము. పైగా సింహాసనమున స్త్రీ కూర్చుండుట నాటికి అరుదు. అట్టి సమయమున నదీతీరమున రాజగురువు పేర ఒక స్థానము వెలయుట రాజ్యమునకును మేలే యని మాకు తోచుచున్నది.

గురువు ఆ గ్రామములను తన భోగమునకు వాడుకొనలేదు. విశ్వేశ్వర గోళకి యను అగ్రహారమును కట్టించి, 60 బ్రాహ్మణ కుటుంబములను నిలిపెను. దేవాలయము, శుద్ధశైవమఠము, విద్యాలయము, అన్నసత్రము వెలసినవి. వేదములు, వ్యాకరణము, తర్కము, సాహిత్యము, ఆగమములు చెప్పుటకు అధ్యాపకులు నియమితులైరి. ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు గూడ పంటలో పాలు కేటాయింపబడెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారి కెల్లరకు అన్నము పెట్టవలెనని విధింపబడెను. పురిటి స్త్రీ కొరకు ప్రత్యేకముగ ఒక శాల యుండవలెనని ఏడున్నర శతాబ్దముల క్రిందట తలచుట గొప్ప సంగతి.

అయితే ఇదంతయు వట్టి ధర్మకార్యము కాదు. ఊరికి కావలిగా వీరభద్రులను పేరుగల భటులుండిరి. లెక్కలు వ్రాయ కాయస్థుడుండెను. భూమి, భటులు, పద్దు, బడి, వైద్యము - ఇవన్నియు ఒకరి చేతనున్నచో దానిని చిన్న రాజ్య మనక ఏమందుము?

ఇంతటి అధికారము చెడ్డవాని చేత పడినచో? శాసనకర్త ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. పీఠమెక్కువాడు శాస్త్రజ్ఞుడు, శీలవంతుడు కావలెను. నడత తప్పిన ఆచార్యుని తొలగించి యోగ్యుని నిలుపు హక్కు శైవసమాజమునకు గలదు. శిష్యుడగు రాజు గురువునకు ఎదురు చెప్పలేకపోవచ్చును గాని, రాతిపై చెక్కిన నియమము గురువునకును వర్తించును.

1323లో ఓరుగల్లు పడిపోయెను. ఆ మఠవైభవమును అంతరించెను. నియమము చెక్కిన రాయి మాత్రము మిగిలినది. ఏ అధికారమును చూచినను మనము మొదట అడుగవలసిన ప్రశ్న ఆ రాయి మీదనే ఉన్నది: తప్పు చేసిన పెద్దను దింపువా రెవరు? ఆ దారిన పోవునపుడు శ్రోతలు ఒక్క క్షణము ఆగి ఆ శాసనమును చూతురు గాక.