పాత మిల్లులు, కొత్త వృత్తులు
సృజన వ్యాపార కేంద్రాలు – నగర పునరుజ్జీవనం

మూతపడిన కర్మాగారాన్నో, వాడుక తప్పిన గిడ్డంగినో బాగుచేసి, రూపకల్పన, సంగీతం, సినిమా, ప్రకటనలు, కంప్యూటర్ ఆటలు మొదలైన వృత్తుల వారికి చిన్న చిన్న గదులుగా అద్దెకిచ్చే ఏర్పాటును సృజన వ్యాపార కేంద్రం అంటున్నారు. శిథిలమైన నగర భాగాలకు ఇటువంటి కేంద్రాలు మళ్లీ జీవం పోస్తాయని గత నాలుగు దశాబ్దాలుగా అనేక దేశాల నగరపాలక సంస్థలు నమ్ముతూ వచ్చాయి. ఈ నమ్మకంలో నిజమెంత, అది నెరవేరడానికి ఏ షరతులు అవసరం అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పేరు కొత్తదే గాని, భావం మనకు కొత్తది కాదు. ఒకే వృత్తికి సంబంధించిన వారిని ఒకచోట చేర్చి ‘పేట’ కట్టడం దక్షిణ దేశంలో పాత పద్ధతి. చెన్నైలోని చింతాద్రిపేటను 1730ల దశాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వారు సుంకు రామ అనే వర్తకుని తోటలో నెలకొల్పారు. వడికేవారు, నేసేవారు, అద్దకం వేసేవారు పక్కపక్కనే ఉంటే సరుకు త్వరగా తయారవుతుందన్నది వారి లెక్క. ‘చిన్న తరి పేట’, అంటే చిన్న మగ్గాల పేట, అన్న తమిళ మాటల నుండి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

నేటి కేంద్రాల వెనుక ఉన్న తర్కమూ ఇటువంటిదే. ఈ వృత్తులలో సంస్థలు చిన్నవి. ఒకరిద్దరితో నడిచేవే ఎక్కువ. పని ఒప్పందాల మీద వస్తుంది. ఒక ఒప్పందానికి నలుగురైదుగురు వేర్వేరు నిపుణులు కలవాలి. వారు ఒకే ఆవరణలో ఉంటే ఆ కలయిక సులభం. రికార్డింగు గది, సమావేశ మందిరం వంటివి ఉమ్మడిగా వాడుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం అద్దె. ఆదాయం నిలకడగా లేని వారికి పాత కట్టడంలోని చౌక అద్దే పెట్టుబడి. నగరాల గురించి 1961లో రాసిన గ్రంథంలో జేన్ జేకబ్స్ ఈ సంగతినే నొక్కి చెప్పారు: కొత్త కట్టడాల ఖర్చును కొత్త ప్రయత్నాలు భరించలేవు.

ఇంగ్లండులోని షెఫీల్డ్ ఉక్కుకు, కత్తుల తయారీకి పేరుపొందిన నగరం. 1970ల చివరి నుండి అక్కడ ఉక్కు ఉద్యోగాలు వేల సంఖ్యలో పోయాయి. రైల్వేస్టేషను సమీపంలోని పాత కార్ఖానాల ప్రాంతాన్ని నగర సభ ‘సాంస్కృతిక పరిశ్రమల పేట’గా గుర్తించింది. 1986లో రెడ్ టేప్ స్టూడియోస్ పేరిట సొంత సంగీత స్టూడియో నెలకొల్పి, నిరుద్యోగ యువకులకు శిక్షణ ఇచ్చింది. 1930ల నాటి మోటారు వాహనాల భవనం ఒకటి 1990లలో సినిమా హాలుగాను, చిన్న సంస్థల కార్యాలయాలుగాను మారింది. ఇవి నిలిచాయి. కాని లాటరీ నిధులు ప్రధానంగా పెట్టి, కోటిన్నర పౌండ్ల ఖర్చుతో 1999లో తెరిచిన జనరంజక సంగీత కేంద్రం ఆశించినంతమంది సందర్శకులు రాక మరుసటి ఏడాదే మూతపడింది. తరువాత ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి నిలయమైంది. ఇక్కడి పాఠం స్పష్టం: పనిచేసేవారికి చోటు చూపిన ప్రయత్నం నిలిచింది, చూసేవారి కోసం కట్టిన ఘన కట్టడం నిలవలేదు.

ఇక మన వారి జీవితాలతో ముడిపడిన ముంబయి సంగతి. 1850లలో మొదలైన అక్కడి నూలు మిల్లులలో మరాఠీ కార్మికులతో పాటు తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన పద్మశాలీలూ తరతరాలుగా పనిచేశారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ తరువాత అనేక మిల్లులు కోలుకోలేదు. మిగిలింది నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాల భూమి. 1991 నిబంధనల ప్రకారం ఆ భూమిని అభివృద్ధి చేస్తే స్థూలంగా ఒక వంతు ఖాళీ స్థలాలకు, ఒక వంతు ప్రజా గృహాలకు, ఒక వంతు యజమానికి చెందాలి. 2001 సవరణ ఈ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ భూమికే పరిమితం చేసింది. ప్రజలకు దక్కే వాటా బాగా తగ్గింది. ఆ సవరణను సుప్రీంకోర్టు 2006లో సమర్థించింది.

లోయర్ పరేల్ మిల్లు ఆవరణలలో ప్రకటనల సంస్థలు, ప్రసార మాధ్యమాల కార్యాలయాలు, ఫలహారశాలలు, దుకాణాలు వెలిశాయి. భూమి విలువ ఎన్నో రెట్లు పెరిగింది. అయితే 2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో మిద్దె మీది భోజనశాలలో మంటలు లేచి 14 మంది మరణించారు. పాత ఆవరణకు కొత్త వాడుక వచ్చినప్పుడు భద్రత కూడా కొత్తగా ఏర్పరచాలని ఆ దుర్ఘటన హెచ్చరించింది. మిల్లు కార్మికులకు ప్రభుత్వ గృహాల లాటరీ 2012లో గాని మొదలు కాలేదు. అంటే సమ్మె జరిగిన ముప్ఫై ఏళ్లకు.

భాషాశాస్త్ర విద్యార్థిగా ఒక మాట. ‘పునరుజ్జీవింపజేయు’ సకర్మక క్రియ. దాని కర్మ ఏమిటని అడగనిదే వాక్యం పూర్తి కాదు. జీవం పోయవలసింది గోడలకా, భూమి ధరకా, అక్కడి మనుషుల బతుకుకా? మూడూ ఒకటి కావు. అద్దెలు పెరిగితే గోడలు మెరుస్తాయి; కాని ఆ మెరుపు తెచ్చిన కళాకారులే ముందుగా ఖాళీ చేయవలసి వస్తుంది. న్యూయార్కులోని సోహో విషయంలో శారన్ జూకిన్ 1982లోనే ఈ క్రమాన్ని విశదీకరించారు. దీనికి విరుగుడు మూడు విధాలు: కట్టడం ప్రజాసంస్థ చేతిలో ఉండడం, దీర్ఘకాలపు అద్దె ఒప్పందాలు, స్థానికులకు శిక్షణలోను పనిలోను వాటా.

షోలాపురంలో, భివండిలో, ముంబయిలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. మీ ఊరి పాత మిల్లుకో, మగ్గాల వాడకో రేపు ఇటువంటి పథకం రావచ్చు. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: భూమి ఎవరిది? పదేళ్ల తరువాత అద్దె ఎంత? నేత తెలిసిన ఇంటి పిల్లలకు అందులో గది దొరుకుతుందా? అంతకు ముందే చేయదగిన పని ఒకటుంది. మిల్లులలో పనిచేసిన పెద్దల వద్దకు వెళ్లి, యంత్రాల పేర్లు, పనుల పేర్లు, అందులో కలిసిపోయిన తెలుగు, మరాఠీ మాటలు రాసి పెట్టండి. కట్టడాన్ని తరువాతైనా బాగుచేయవచ్చు. ఆ మాటలు తెలిసినవారు మాత్రం మన కోసం ఆగరు.