శర్కర నుండి శాకరిన్ దాకా

మాఘ శుద్ధ సప్తమినాడు అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి జనం నేల యీనినట్లు వస్తారు. ఆనాడు శ్రీకాకుళం త్రోవలన్నీ అటే సాగుతాయి. ఆ పట్నంలోనూ చుట్టుపట్ల పల్లెలలోనూ ముంగిట పిడకల పొయ్యి వెలిగించి, పాలు పొంగించి, కొత్తబియ్యం కొత్తబెల్లం వేసి పరమాన్నం వండుతారు. చిక్కుడాకులలో ఉంచి ప్రత్యక్షదైవానికి నివేదిస్తారు. ఆరోగ్యం ప్రసాదించే దేవుడని ఆయనకు ప్రసిద్ధి.

ప్రసాదం పంచేవేళ ఈ మధ్య కొన్నేండ్లుగా ఒక సంభాషణ ఇంటింటా వినవస్తున్నది. “నాకు చక్కెర జబ్బమ్మా, వద్దు” అని ఇంటి పెద్ద చేయి వెనుకకు తీసుకుంటాడు. “పంచదార కాదు తాతా, బెల్లమే. బెల్లం ఏమీ చెయ్యదు” అని మనుమరాలు చిక్కుడాకు చేతిలో పెడుతుంది. ఆయన సంతోషంగా తింటాడు. అదే తాతగారు కాఫీలోకి తీపిమాత్ర తీసినారంటే మాత్రం ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు: “అది మందు. ఎలుకలకు కేన్సరు వచ్చిందట!”

నేను వైద్యుడను కాను. తెలుగు చెప్పుకొని బ్రతికేవాడను. అయినా ఇక్కడ మనుష్యులను మోసగిస్తున్నవి మాటలే గనుక భాష చెప్పేవానికి కొంత పని ఉన్నదనుకుంటాను. ‘సహజం’ అన్న మాట విన్నంతనే భయం విడిచిపెడుతున్నాము. ‘కృత్రిమం’ అన్నంతనే ఆలోచన విడిచిపెడుతున్నాము. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెలువడినప్పుడు దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకని తేలినది. ఇంతమంది నోటికి సంబంధించిన విషయంలో రెండు మాటలను నమ్ముకొని కూర్చోవడం క్షేమం కాదు.

ముందుగా మాట సంగతే చూద్దాము. సంస్కృతంలో ‘శర్కర’ అంటే మొదట గులక, పలుకురాయి, ఇసుక. చెరకురసం కాచగా గడ్డకట్టిన పలుకులను చూచి మన పూర్వులు ఆ పేరే పెట్టినారు. అది మన నోట చక్కెర అయినది. పారసీకుల నోట షకర్, అరబ్బుల నోట సుక్కర్, గ్రీకుల నోట సక్కరోన్, లాటినులో సక్కరం. ‘ఖండ’ శబ్దం ఇంగ్లీషు పిల్లల నోట క్యాండీ అయినది. ఆ లాటిను మాట నుండి 19వ శతాబ్దంలో ఒక రసాయనశాస్త్రజ్ఞుడు తన వస్తువుకు శాకరిన్ అని పేరు పెట్టుకొన్నాడు. అంటే మనవారు విషమని ఈసడించే ఆ మాత్ర పేరు మన శర్కరకు మునిమనుమరాలే. పేరుకు మాత్రమే చుట్టరికం సుమా! శాకరిన్ పుట్టుక చెరకు నుండి కాదు, బొగ్గుతారు నుండి.

1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇరా రెంసెన్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్ బొగ్గుతారు నుండి వచ్చే పదార్థాల మీద పని చేస్తున్నాడు. ఒక సాయంకాలం చేతులు కడుగుకొనక భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా ఉన్నది. తీపి రొట్టెది కాదు, వ్రేళ్లది. ప్రయోగశాలకు పరుగెత్తి గిన్నెలన్నీ రుచి చూచి ఆ పదార్థాన్ని పట్టుకొన్నాడు. పంచదారకంటె సుమారు 300 రెట్ల తీపి దానికి. తరువాత గురువుగారిని ప్రక్కకు పెట్టి తానొక్కడే పేటెంటు పుచ్చుకొన్నాడు. రెంసెన్ ఆ అపరాధాన్ని మన్నించలేదు.

చిత్రమేమంటే ఈ వస్తువులు తరచుగా ఇట్లాగే దొరికినవి. 1965లో జేమ్స్ ష్లాటర్ కడుపులో పుండుకు మందు వెదుకుతూ, కాగితం తీయబోయి వ్రేలు నాకగా ఆస్పార్టేమ్ బయటపడినది. 1976లో లండనులో శశికాంత్ ఫడ్నీస్ అనే మన దేశపు విద్యార్థిని పై ఆచార్యుడు ఒక పదార్థాన్ని ‘టెస్టు’ చేయుమంటే, అతడు ‘టేస్టు’ చేయుమన్నాడనుకొని నాలుకమీద వేసుకొన్నాడు. అదే సుక్రలోజ్, పంచదారకంటె సుమారు 600 రెట్ల తీపి. ఉచ్చారణ సరిగా వినకపోవడం వలన లోకానికి ఒక వస్తువు లభించడం అరుదు. సైన్సు మాష్టర్లు ఈ కథలు చెప్పేటప్పుడు ప్రయోగశాలలో ఏదీ నోట పెట్టరాదని కూడా తప్పక చెప్పవలె.

ఇక ఎలుకల మాట. అది కల్పన కాదు. 1977లో కెనడాలో జరిగిన పరిశోధనలో ఆహారంలో నూటికి 5 పాళ్లు శాకరిన్ కలిపి పెట్టగా మగ ఎలుకల మూత్రాశయంలో కంతులు లేచినవి. కెనడా శాకరిన్‌ను నిషేధించినది. అమెరికాలోనూ నిషేధం ప్రతిపాదించినారు గాని, చక్కెరజబ్బు వారు మొరపెట్టుకోగా అక్కడి శాసనసభ దానిని ఆపి, పొట్లం మీద హెచ్చరిక ముద్రిస్తే చాలునన్నది. మనదాకా వచ్చిన వదంతి ఆ హెచ్చరికదే.

మన ఊళ్లకు చేరనిది దాని తరువాయి కథ. ఎలుక మూత్రం స్వభావం వేరు. అంత అధికంగా శాకరిన్ పోసినప్పుడు అందులో సన్నని పలుకులు ఏర్పడి మూత్రాశయపు పొరను ఒరసి గాయపరుస్తాయి. గాయం మానడానికి కణాలు పదే పదే పుట్టుకువస్తూ కంతికి దారి తీస్తాయి. మనిషిలో ఆ పలుకులు ఏర్పడవని తెలిసినది. 2000లో అమెరికా ప్రభుత్వం శాకరిన్‌ను కేన్సరు కారకాల జాబితా నుండి తొలగించినది; హెచ్చరిక కూడ పోయినది. నింద మోపినప్పుడు ఊరంతా వింటుంది. నిర్దోషి అని తీర్పు వచ్చిననాడు ఎవరూ వినిపించుకోరు.

అట్లని ఈ మాత్రలను గుప్పెళ్లతో మింగవచ్చునని కాదు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధక సంఘం ఆస్పార్టేమ్‌ను ‘కేన్సరు కారకం కావచ్చును’ అనే 2బి వర్గంలో చేర్చినది. పత్రికలలో పెద్ద అక్షరాలు పడినవి. ఆ వర్గంలోనే మన పెరటి కలబంద కూడా ఉన్నదన్న సంగతి అంత పెద్ద అక్షరాలలో పడలేదు: కలబంద ఆకును తొక్కతో సహా తీసిన సారం ఆ జాబితాలోనిదే. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత బలమైనదో చెబుతుంది గాని, ఎంత తింటే ఎంత అపాయమో చెప్పదు. మోతాదు సంగతి చూచే మరొక సంఘం అదే రోజున, శరీరపు బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల హద్దును మార్చవలసిన పని లేదన్నది.

ఇది తరగతిలో చేయదగిన లెక్క. 70 కిలోల మనిషికి హద్దు 2,800 మిల్లీగ్రాములు. ఒక్క పానీయపు డబ్బాలో 200 నుండి 300 మిల్లీగ్రాములుంటే, తొమ్మిది నుండి పధ్నాలుగు డబ్బాలు త్రాగితే గాని హద్దు దాటదు. 20 కిలోల పిల్లవానికి హద్దు 800. మూడో డబ్బాతోనే అతడు గట్టు మీద నిలుస్తాడు. పెద్దవారి ధైర్యం పిల్లలకు వర్తించదని బోర్డు మీద సుద్దముక్కే చెబుతుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్మవ్యాధి కలవారికైతే ఆస్పార్టేమ్ ఏ మోతాదులోనూ తగదు. ఆ మాటా, ‘పిల్లలకు తగదు’ అన్న మాటా పొట్లం మీద ముద్రించవలెనని 2011 నాటి మన ఆహార నిబంధనలు శాసించినవి. అంత సన్నని అక్షరాలలో ముద్రించమని మాత్రం ఎవరూ శాసించినట్లు లేదు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో మరొక మాట అన్నది: బరువు తగ్గడానికి చక్కెరేతర తీపిపదార్థాలను నమ్ముకోవద్దు, దీర్ఘకాలంలో వాటివలన ఒరిగేది కానరాదు. ఇది ఇదివరకే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించిన సూచన కాదని వారే స్పష్టంగా చెప్పినారు. మన తాతగారి కాఫీమాత్రను ఈ సూచన లాగివేయదు. సన్నబడదలచి రోజూ ‘చక్కెర లేని’ సీసాలు ఖాళీచేసే కాలేజీ కుర్రవాడు మాత్రం దీనిని వినవలె. మరొక విశేషం, ఆ సూచనలో కృత్రిమమైనవాటి ప్రక్కనే స్టీవియా పేరు కూడా ఉన్నది.

స్టీవియాను మనవారు మధుపత్రి అంటున్నారు. పరాగ్వే దేశపు గ్వారానీ జాతివారు ఎన్నో తరాలుగా ఎరిగిన మొక్క అది. దాని సారాన్ని 2008లో అంతర్జాతీయ నిపుణుల సంఘం, 2015లో మన దేశం అంగీకరించినవి. అయితే అంగీకారం ఆకుకు కాదు. శుద్ధిచేసి పలుకులు కట్టించిన సారానికి. నీటిలో నానబెట్టి, వడపోసి, శోధించి తీసిన ఆ తెల్లని పొడి ఎంత సహజమో పంచదార కూడా అంతే సహజం. దానికీ హద్దు ఉన్నది: కిలోకు 4 మిల్లీగ్రాములు. అంగడిలో దొరికే స్టీవియా పొట్లాలలో తరచు ఎరిత్రిటాల్ అనే మరొక తీపి కలుస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం అధికంగా కనిపించినవని 2023లో ఒక పరిశోధన వెలువడినది. కారణం అదేనని ఇంకా రుజువు కాలేదు. పొట్లం వెనుకవైపు చదివి కొనడం మంచిది.

మన మూలికలనే చూడండి. అతిమధురం పేరులోనే తీపి ఉన్నది. దగ్గుకు నోట వేసుకోని ఇల్లు లేదు. కాని అదే పనిగా తింటే రక్తపుపోటు పెరుగుతుంది, ఒంటిలోని పొటాషియం తరిగిపోతుంది. పొడపత్రి తత్త్వం ఇంకొకటి. ఆ ఆకు నమిలి పంచదార నోట వేసుకొంటే తీపి తెలియదు, ఇసుక నమిలినట్లుంటుంది. శర్కర తన మొదటి అర్థానికి తిరిగి వెళ్లినట్లన్నమాట! అయితే చక్కెరజబ్బుకు మందు పుచ్చుకొనేవారు వైద్యునికి చెప్పకుండా ఆ ఆకు వాడితే రక్తంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉన్నది.

ఇక బెల్లం. దీనిని గురించి కటువుగా మాట్లాడడం ఈ ప్రాంతపు వానికి కష్టమే. అనకాపల్లి బెల్లపు మార్కెట్టు దేశంలో పెద్దవాటిలో ఒకటి. 1913 నుండి అక్కడ చెరకు పరిశోధన జరుగుతున్నది. బెల్లపు దిమ్మె లేని పెండ్లి మనకు లేదు. కాని మన దేశపు ప్రమాణం ప్రకారం, తేమ తీసివేసి తూచితే బెల్లంలో నూటికి 90 పాళ్లకు తక్కువ కాకుండా చక్కెరలు ఉండితీరవలె. అట్లు లేకపోతే అది బెల్లమే కాదు! మిగిలిన పది పాళ్లలోని ఇనుమును, ఖనిజాలను పొగడుతూ తొంబదింటిని మరచిపోతున్నాము. తాటిబెల్లమూ, తేనె కూడా రక్తంలో చేరేసరికి ఆ కోవలోనివే. పైగా ఆ ఖనిజాలే కొందరికి గండం. బెల్లంలో పొటాషియం ఉన్నది. కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండాల వ్యాధితో ఉద్దానం పల్లెలు ఎన్నో ఏండ్లుగా బాధపడుతున్న జిల్లా మనది. ఆ వ్యాధి ముదిరినవారికి వైద్యులు పొటాషియం తగ్గించుమంటారు. వారికి ‘బెల్లం మంచిది, తినండి’ అని చెప్పేవాడు హితుడు కాడు.

పసుపుపచ్చగా మెరిసే దిమ్మెలో రంగు కొరకు హైడ్రోసు అనే రసాయనం వేసేవారున్నారని అందరికీ తెలుసు; అయినా కొనేవాడు మెరుపే కోరుతాడు. రంగు వేయని నల్లబెల్లానికేమో నాటుసారా కాచేవారి పుణ్యమా అని పోలీసుల కళ్లు అంటుకొన్నవి. కృత్రిమమైనది వద్దని బెల్లం కొన్నవాడు ఇట్లా రసాయనంతో సహా ఇంటికి తెస్తున్నాడు.

ఇంత చెప్పినా బెల్లానికి బదులు మరొకటి రాని చోటు వంటిల్లే. మాత్ర తీపి ఇస్తుంది గాని పాకం ఇవ్వదు. అరిసెలకు పాకం ముదరవలె. పిండిని పట్టి ఉంచేది, నాలుగు దినాలు నిలువ ఉంచేది ఆ పాకమే. ఆస్పార్టేమ్ అయితే పొయ్యి మీద ఉడికేకొద్దీ తీపి కూడా కోల్పోతుంది. మన బడులలో 2023 మార్చి నుండి పిల్లలకు వారానికి మూడు దినాలు రాగిజావ పోయడం మొదలుపెట్టినప్పుడు అందులో బెల్లమే వేసినారు. ఎదిగే పిల్లలకు కొలత మీద పోసే జావకూ, పెద్దవారు రోజుకు ఐదుసార్లు త్రాగే కాఫీకీ పోలిక లేదు. 2025 మే నెలలో కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన పాఠశాలలలో చక్కెర కొలతలు తెలిపే బోర్డులు పెట్టుమన్నది, మంచి పనే. ఆ బోర్డు చదివిన పిల్లవాడు తిన్నగా పోయి ‘సున్న చక్కెర’ సీసా కొనుక్కోకుండా పైలెక్క కూడా దాని ప్రక్కనే వ్రాస్తే బాగుంటుంది. దప్పికకు చక్కెర నీరూ అక్కరలేదు, మాత్ర నీరూ అక్కరలేదు.

రథసప్తమి పరమాన్నం మాటకు వస్తే, బెల్లం మాని తీపిపొడి వేసి వండించుకొనే ఇండ్లు కూడా ఇప్పుడున్నవి. వారు మరచేది గిన్నెలోని బియ్యాన్ని. అన్నం కడుపులో గ్లూకోజు కాక మరేమవుతుంది? పొడి వేసినాము గదా అని రెండు గిన్నెలు తిన్న తాతగారికంటె, బెల్లం పరమాన్నమే చెంచాడు ప్రసాదంగా కళ్లకద్దుకొని నోట వేసుకొని, ఆ పూట అన్నంలో రెండు ముద్దలు తగ్గించిన తాతగారికి మరునాటి రక్తపరీక్షలో అంకె తక్కువ వస్తుంది.