మడత విద్యుత్ చక్రాల కుర్చీ: వాడకం, సంరక్షణ

నడవలేని వారికి చక్రాల కుర్చీయే కాళ్లు. గని ప్రమాదంలో గాయపడిన అమెరికన్ హెర్బర్ట్ ఎవరెస్ట్, ఇంజనీరు హారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930లలో కారులో పట్టే మడత కుర్చీని రూపొందించారు. రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకై కెనడా ఇంజనీరు జార్జి క్లైన్ బృందం విద్యుత్ కుర్చీని నిర్మించింది. ఆ రెండింటి కలయికే నేటి మడత విద్యుత్ కుర్చీ. దాని వాడకమును గూర్చి కొన్ని ముఖ్య విషయాలు ఇక్కడ మనవి చేస్తున్నాము.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు స్విచ్చి ఆపి ఉంచాలి. పాదపీటపై నిలబడితే కుర్చీ ముందుకు బోల్తాపడుతుంది. వాలుపై తిన్నగానే ఎక్కాలి. చేతితో తోయడానికి మోటారును విడదీసే మీట ఉంటుంది. అది విడివడితే మోటారు బ్రేకు పనిచేయదు గనుక వాలుపై దానిని తాకరాదు.

లిథియం బ్యాటరీని పూర్తిగా అడుగంటనీయక, దానికి నిర్దేశించిన చార్జరుతోనే నింపాలి. ఎండలో నిలిపిన కారులో విడువరాదు. నీళ్లు పోసి కడగరాదు, తడిగుడ్డతో తుడవాలి. చిన్న చక్రాల ఇరుసులకు చుట్టుకొన్న వెంట్రుకలు, దారాలు తీసివేయాలి. విప్పిన పిమ్మట మడత గట్టిగా బిగిసినదో లేదో చూసుకోవాలి.

మడిచినా ఇట్టి కుర్చీలు చాలావరకు 20 కిలోలకు పైగా తూగుతాయి. మెట్ల వద్ద మరొకరు మోయవలసి వస్తే ఆ స్వేచ్ఛ అక్కడితో ఆగిపోతుంది. 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించని వాలుబాట, తరగతిలో ఒక ప్లగ్ పాయింటు ప్రతి కళాశాలలో ఉండాలని కార్యవర్గం వారికి మా విన్నపం. విద్యార్థులకొక మాట: అడగకుండా కుర్చీని తోయకండి. దాని పగ్గం కూర్చున్నవారి చేతిలోనే ఉండనీయండి.