నువ్వు చెప్పు... నేను వింటా!

‘ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కదా. మరి క్రోమోసోములో?’

‘అవీ రెట్టింపే.’

‘కాదే! ఉల్లి వేరు కణంలో 16 ఉన్నాయా? ఎస్ దశ దాటినా 16 మాత్రమే. ఒక్కోదానికి రెండేసి క్రోమాటిడ్లు వస్తాయంతే. సెంట్రోమియర్లు లెక్కపెట్టు, తెలుస్తుంది.’

పరీక్షలు దగ్గరపడ్డాక ఏ ఇంటర్ బైపీసీ హాస్టల్ వరండాలో నిలబడినా ఇలాంటి వాదులాట చెవిన పడుతుంది. ఇద్దరి నోట్సులోనూ బొమ్మ చక్కగానే ఉంటుంది. పక్కనున్న పిల్ల అడిగేదాకా అందులో అర్థం కానిదేదో ఉందని తెలియదు.

కణ విభజన బట్టీకి లొంగినట్టే కనిపిస్తుంది. లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్... గడగడా చెప్పేస్తారు. వినిమయం ఎందులో జరుగుతుంది, కయాస్మాలు ఎందులో కనిపిస్తాయి అంటే మాత్రం తడబాటు. మొదటిది పాకిటీన్, రెండోది డిప్లోటీన్. వినిమయాన్ని జడ రిబ్బన్లతో చెప్పుకొనే పిల్లలున్నారు. రెండు ఎర్రవాటిని మధ్యలో ఒక పిన్నీసుతో, రెండు తెల్లవాటిని మరో పిన్నీసుతో బిగిస్తారు. ఒక ఎర్ర రిబ్బన్ కొసనూ ఒక తెల్ల రిబ్బన్ కొసనూ కత్తిరించి, అటుదిటు మారుస్తారు. నాలుగింట్లో రెండు మారాయి, రెండు అలాగే ఉన్నాయి. అది కళ్లతో చూసిన పిల్ల మళ్లీ మర్చిపోదు.

చదివిందే చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవడమే మేలని 2006లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి ప్రయోగం చేసి చూపారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీమళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. స్నేహితురాలు ‘ఏదీ, చెప్పు’ అన్నప్పుడు జరిగేదీ అదే.

జన్యుశాస్త్రానికొస్తే చర్చ మరీ రసవత్తరం. మెండెల్ ఎఫ్2 బఠాణీల్లో గుండ్రనివి 5,474, ముడతలవి 1,850. దాదాపు 3:1. ఇక్కడిదాకా అందరికీ వచ్చు. పెడిగ్రీ చార్టు దగ్గరే చిక్కు. తండ్రికి వర్ణాంధత ఉంటే కొడుక్కి ఆయన నుంచి ఎందుకు రాదు? ఆయన కొడుక్కిచ్చేది వై క్రోమోసోమే కనుక. కూతురికి ఎక్స్ వెళ్తుంది కాబట్టి ఆమె కనీసం వాహకురాలు. ఇక చార్టులో దంపతుల మధ్య జంట గీత రక్తసంబంధానికి గుర్తు. మన పిల్లలకు దానికి ఉదాహరణలు వెతకాల్సిన పనిలేదు, మేనరికాలు ఎరిగినవాళ్లే కదా! ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడిలోని ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం మేనబావ సంబంధంలో పుట్టిన బిడ్డకు 1/16, మేనమామ సంబంధంలో 1/8. ఈ లెక్క వేసినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

‘నాకొచ్చింది చెబితే నా ర్యాంకు పోతుంది’ అనే భయం ర్యాంకుల వేటలో ఉన్న పిల్లల్లో మామూలే. అది ఉత్త భయం. నీట్‌లో 180 ప్రశ్నలుంటే సగం, అంటే 90, జీవశాస్త్రానివే. వాటిలో ఒకటి పక్కవాళ్లకు విడమరిచి చెప్పగలిగితే ముందు లాభపడేది చెప్పినవాళ్లే. తప్పు కూడా ఇంతే ధీమాగా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది కాబట్టి, వాదన తెగకపోతే పాఠ్యపుస్తకం తెరవాల్సిందే.

అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లల గదిలోంచి గోల వినిపిస్తే ‘కబుర్లు ఆపి చదువుకోండి’ అని కేకేయకండి. ఒక్క నిమిషం ఆగి, ఏం మాట్లాడుకుంటున్నారో వినండి.