ఊరి రక్తం.. దేశం లెక్క
* పరిశోధనకు తొలి మెట్టు సబ్‌సెంటరే
* రెండు రాష్ట్రాల రిజిస్టర్లు కలిస్తేనే సరిహద్దు జబ్బుల గుట్టు

బరంపురం: 2020 మే నెల. సూరత్‌లో మరమగ్గాలు ఆగిపోయాయి. మే 3న వలస కూలీల తొలి శ్రామిక్ రైలు జగన్నాథ్‌పూర్ స్టేషన్‌లో ఆగింది. ఆ తర్వాత రోజూ జనమే జనం. ఊరి బడులు క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. సర్పంచులకు కలెక్టరు అధికారాలిచ్చారు. ఎవరొచ్చారు, ఎవరికి జ్వరం, ఎవరింట్లో ముసలివాళ్లున్నారు.. ఇవన్నీ ఇంటింటికీ తిరిగి కనుక్కునే పని ఆశ కార్యకర్తలు, ఏఎన్‌ఎంల మీద పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గంజాంకు ఇంకో పనొచ్చింది. దేశంలో ఎంతమందికి తెలియకుండానే కరోనా సోకిపోయిందో తేల్చడానికి ఐసీఎంఆర్ 70 జిల్లాలను ఎంచుకుంది. ఒడిశా నుంచి గంజాం, కొరాపుట్, రాయగడ. ఆంధ్ర నుంచి విజయనగరం, కృష్ణా, నెల్లూరు. జిల్లాకు పది ఊళ్లు లేదా వార్డులు, ఒక్కోచోట 40 ఇళ్లు, ఇంటికి పద్దెనిమిదేళ్లు దాటిన ఒక్కరు. తీసిన రక్తం చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థకు వెళ్లింది. మొత్తం 28 వేల మందిని పరీక్షిస్తే సోకినవారు 0.73 శాతమని తేలింది. కోట్ల జనాభా ఉన్న దేశానికి ఆ లెక్క చెప్పినవారిలో గంజాం పల్లెల వాళ్లూ ఉన్నారు. ఈ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు?

ఆగస్టులో భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం బరంపురం నగరంలో సర్వే చేసింది. ఇక్కడ 31 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. రూర్కెలాలో 8 శాతం లోపే. భువనేశ్వర్‌లో 5 శాతం. ఆసుపత్రికొచ్చిన కేసులు మాత్రమే లెక్కేసుకుంటే ఇంత తేడా బయటపడేది కాదు.

పెద్దాసుపత్రి చూడనిది

బరంపురంలో 1962 నుంచి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. గజపతి, కొంధమాల్ నుంచే కాదు, ఇచ్ఛాపురం అవతలి నుంచీ రోగులొస్తారు. అయితే అక్కడికొచ్చేది జబ్బు ముదిరినవాళ్లు, లేదంటే బస్సు చార్జీ పెట్టుకోగలిగినవాళ్లు. మిగతావాళ్ల సంగతి తెలిసేది పీహెచ్‌సీలోనే. మైదానంలో 5 వేల జనాభాకు ఒక సబ్‌సెంటర్, 30 వేలకు ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది నిబంధన. ఈ వల వేసింది టీకాలకు, పురుళ్లకు. పరిశోధనకూ పనికొస్తుందని ఆలస్యంగా గుర్తించారు.

ఒడిశాలోనే ఉదాహరణ ఉంది. డాక్టర్ సంఘమిత్ర పతి బృందం 40 ప్రాథమిక వైద్యశాలల్లో 1,649 మంది రోగులతో మాట్లాడింది. 28 శాతం మందికి ఒకటికి మించి దీర్ఘకాలిక జబ్బులున్నాయి. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. షుగరుకో రోజు, బీపీకో రోజు, నొప్పులకో డాక్టరు అని తిప్పే పద్ధతి మారాలంటే ఇలాంటి లెక్కే కావాలి.

బ్రిటన్‌లో ఊరి డాక్టర్ల వల ఇంకా ముందుకెళ్లింది. కరోనా వేళ ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ క్లినిక్‌ల ద్వారానే ఇళ్లల్లో ఉన్న రోగులపై మందులు పరీక్షించారు. అజిత్రోమైసిన్‌తో ప్రయోజనం లేదని 2021 జనవరిలో చెప్పేశారు. మన దగ్గర ఆ మాత్రలు ఎన్ని అట్టలు ఖాళీ అయ్యాయో మందుల షాపుల వాళ్లనే అడగాలి.

ఉద్దానం అటు.. బరంపురం ఇటు

సరిహద్దు జనానికి అసలు బాధ కిడ్నీ జబ్బు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస.. ఉద్దానం మండలాల్లో ఇంటింటి సర్వేలు చేస్తే పెద్దవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నట్టు బయటపడింది. వాళ్లలో చాలామందికి షుగరూ లేదు, బీపీ లేదు. కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఇచ్ఛాపురం మనిషికి బరంపురం పాతిక కిలోమీటర్లే. అటు పిల్లను ఇటిస్తారు, ఇటు వాళ్లు అటు పనికెళ్తారు. జబ్బు చేస్తే ఏది దగ్గరైతే అక్కడికే. కానీ రిజిస్టర్లు మాత్రం రెండు ప్రభుత్వాలవి, రెండు లిపులవి. కవిటి మనిషి బరంపురంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే ఆ అంకె కవిటి పీహెచ్‌సీకి ఎలా చేరుతుంది? పెళ్లయి చికిటి వైపు వచ్చిన ఉద్దానం ఆడపిల్లను ఏ సర్వేలో లెక్కిస్తారు? నీళ్లా, ఎండలో చాకిరీయా, మందుల వాడకమా అని వెతికే వాళ్లకు ఇలా ఊరు మారినవాళ్ల ఆరోగ్యమే మంచి ఆధారం కావచ్చు. పలాస, బరంపురం ఒకే పట్టికలో రాసుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. కావలసింది రెండు జిల్లాల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చోవడం.

ఏ భాషలో అడిగారు?

గోపాలపురం తీరాన మత్స్యకార పల్లెల్లో, బరంపురం వీధుల్లో ఇంట్లో మాట తెలుగే. రక్తం తీసే ముందు ఎందుకు తీస్తున్నారో అవతలి మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలిముద్ర వేసినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. ఊళ్లో కొత్తవాళ్లు తలుపు కొడితే జనం ముందు చూసేది పక్కన ఎవరున్నారనే. మన ఆశమ్మ ఉంటే తలుపు తెరుస్తారు. 'రక్తం ఎందుకమ్మా? మళ్లీ చెబుతారా?' అని అడిగేదీ ఆమెనే. ఫలితం తిరిగి రాకపోతే మాట పోయేదీ ఆమెదే. సర్వే బృందం జీపెక్కి వెళ్లిపోతుంది, ఆమె మర్నాడూ అదే వీధిలో తిరగాలి.

ఈసారి ఇంటికి సర్వే వాళ్లొస్తే మూడు ప్రశ్నలు అడగొచ్చు. కాగితం తెలుగులో ఉందా? నా ఫలితం నాకెప్పుడు చెబుతారు? తేడా కనిపిస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు? వద్దనుకుంటే వద్దని కూడా చెప్పొచ్చు. అందువల్ల పీహెచ్‌సీలో వైద్యం ఆపే అధికారం ఎవరికీ లేదు.